పెరటి ప్రశ్నలు: లుపిన్ గింజను దక్కించుకోవడం

చలికాలపు పూల కుండీలు ఖాళీ అయ్యే ఈ రోజుల్లో అందిన ఉత్తరాలలో లుపిన్ విత్తనాల గురించినవే ఎక్కువగా ఉన్నాయి. తిరుపతి, చిత్తూరు ప్రాంతాలకు ఈ పువ్వు కొత్తది. పైగా అడిగినవన్నీ ఒకదానితో ఒకటి ముడిపడిన ప్రశ్నలే కావడంతో ఈ నెల శీర్షిక మొత్తాన్నీ దానికే కేటాయించాను.

ప్రశ్న: అయ్యా, బెంగళూరు నర్సరీలో కొన్న లుపిన్ విత్తనాలను అక్టోబరులో మేడ మీద కుండీల్లో విత్తాను. జనవరి నెలాఖరుకు నీలం, గులాబీ రంగుల్లో నిండుగా పూశాయి. వచ్చే ఏడాదికి విత్తనం నిలుపుకోవాలనుకుని కాయలు కట్టేదాకా ఉంచాను. కొన్నిటిని పచ్చగా ఉండగానే కోసి ఎండబెడితే గింజలు ముడుచుకుపోయాయి. మిగిలినవి మొక్కకే ఎండనిద్దామని వదిలేస్తే, రెండు రోజులు ఊరికి వెళ్లి వచ్చేసరికి మెలి తిరిగిన గుల్లలే మిగిలాయి. కాయను ఎప్పుడు కోయాలి, ఎలా ఆరబెట్టాలి? (ఒక పాఠకురాలు, తిరుపతి)

జవాబు: అమ్మా, మీకు జరిగిన నష్టమే ఈ మొక్కను పెంచిన మొదటి ఏడాది నాకూ జరిగింది. పచ్చికాయ కోస్తే గింజ దక్కదు, ఎండిన కాయను వదిలేసినా దక్కదు. ఈ రెంటికీ నడుమ ఉన్న గడువు మన ఊరి మార్చి ఎండలో మూడు నాలుగు రోజులకు మించదు. ఆ నాలుగు రోజులను కంటితోనూ వేలితోనూ గుర్తుపట్టగలిగితే మిగిలిన పనంతా తేలికే.

లుపిన్ మన జనుము, కంది, అనపల కుటుంబానికి చెందిన మొక్క. పూకంకి నిలువుగా లేచి, అడుగు నుంచి మొదలై పైకి పూసుకుంటూ పోతుంది కాబట్టి కాయలు కూడా అదే వరుసలో కట్టి, అదే వరుసలో ముదురుతాయి. కంకి కొసన ఇంకా పువ్వు ఉండగానే అడుగున కాయ గట్టిపడుతూ ఉంటుంది. అందుచేత కంకి మొత్తాన్ని ఒకేసారి కోసేయాలనే ఆలోచనతోనే చిక్కు వస్తుంది: అడుగు కాయల కోసం కోస్తే పై కాయలు పచ్చివి, పై కాయల కోసం ఆగితే అడుగువి చిట్లిపోయి ఉంటాయి. ఒక్కో కంకి దగ్గరికి నాలుగైదు సార్లు వెళ్లి, ముదిరిన కాయను ముదిరినట్టు కోసుకోవాలి తప్ప దగ్గరి దారి లేదు.

కాయ చిట్లే తీరు ఒకసారి దగ్గర కూర్చుని చూడదగినది. కాయ గోడలో నారలు నిలువుగా కాక ఏటవాలుగా పరుచుకుని ఉంటాయి. ఎండేకొద్దీ ఆ పొరలు ఒక్కో దిక్కుకు ముడుచుకుంటూ కాయ రెండు బద్దలనూ చెరో వైపుకు మెలిపెట్టాలని చూస్తాయి. అంచుల వెంట ఉన్న అతుకు పట్టి ఉన్నంతసేపు ఆ బలమంతా లోపలే బిగిసి ఉంటుంది. మధ్యాహ్నపు వేడిలో ఏదో ఒక క్షణాన ఆ అతుకు వీడిపోగానే రెండు బద్దలూ ముంగురుల్లా సుడి తిరిగి, గింజలు కొన్ని అడుగుల దూరం ఎగిరిపడతాయి. ఎండ పొద్దున మినప చేలో, పెసర చేలో నిలబడినవారికి ఈ టప్‌టప్ శబ్దం తెలిసినదే. లుపిన్‌లో ఆ విసురు ఇంకా ఎక్కువ. మా మేడ మీద పిట్టగోడ వారగా, కుండీకి ఆరడుగుల అవతల ఒక గింజ దొరికినప్పుడు గాని నాకు నమ్మకం కలగలేదు.

ఇక గుర్తుల విషయానికి వస్తే, లేత కాయ ఆకుపచ్చగా, మీద సన్నని వెండి నూగుతో, వేళ్ల మధ్య నొక్కితే మెత్తగా ఉంటుంది. ఆ దశలో గింజకు రూపం వచ్చినా లోపల పిండి పదార్థం, మాంసకృత్తులు ఇంకా చేరుతూనే ఉంటాయి. అప్పుడు కోస్తే మిగిలేది పొట్టు మాత్రమే, మీకు ముడుచుకుపోయి కనిపించినవి అవే. తర్వాత కాయ పసుపు వన్నెకు తిరుగుతుంది, గింజ ఉన్న చోట్ల ఉబ్బు స్పష్టంగా తేలుతుంది. ఆ పైన గడ్డి రంగు, తర్వాత బూడిద కలిసిన గోధుమ రంగు వస్తాయి, కొన్ని రకాల్లో దాదాపు నలుపే అవుతుంది. కోయవలసిన సమయం గడ్డి రంగు పూర్తయి గోధుమ రంగు మొదలయ్యే చోట ఉంది. నొక్కితే కాయ గోడ కాగితంలా గరగరలాడాలి, చెవి దగ్గర పెట్టుకుని ఆడిస్తే జనుము కాయలా లోపల గింజ గలగలమనాలి. గింజను కాయకు అంటిపెట్టి ఉంచిన సన్నని కాడ ఎండి విడిపోయిందనడానికి ఆ శబ్దమే సాక్ష్యం.

కోతకు పొద్దున్నే వెళ్లండి. రాత్రి చెమ్మ వల్ల కాయ గోడ కొద్దిగా మెత్తబడి ఉంటుంది కాబట్టి ఎనిమిది గంటల లోపు ఎంత ముదిరిన కాయైనా చేతిలో చిట్లదు. అదే కాయను పదకొండు గంటలకు ముట్టుకుంటే వేళ్లలోనే పేలుతుంది. కాయను లాగకుండా కాడ దగ్గర కత్తెరతో కత్తిరించండి. లాగితే ఆ అదురుకు పక్క కాయలు చిట్లుతాయి.

ఊరికి వెళ్లవలసి వస్తే పాత పంచె గుడ్డతో చిన్న సంచులు కుట్టి, పసుపు తిరిగిన కాయలున్న కంకులకు తొడిగి, అడుగున దారంతో వదులుగా కట్టండి. గాలి ఆడుతుంది, చిట్లిన గింజ సంచిలోనే ఉంటుంది. ప్లాస్టిక్ కవరు మాత్రం తొడగవద్దు, లోపల చెమ్మ పట్టి ఒక్క రోజులో బూజు వస్తుంది. సంచులు కట్టే వీలు కూడా లేకపోతే, కాయల్లో ఎక్కువ భాగం పసుపు తిరిగిన కంకిని కాడతో సహా కోసి, కాగితపు సంచిలో తలకిందులుగా పెట్టి గాలి తగిలే గదిలో వేలాడదీయవచ్చు. కాడలో మిగిలిన సారంతో పసుపు కాయల గింజ చాలావరకు పక్వానికి వస్తుంది. ఆకుపచ్చ కాయల మీద మాత్రం ఆశ పెట్టుకోకండి.

ఆరబెట్టడంలో మనవాళ్లకు అలవాటైన పద్ధతి ఇక్కడ పనికిరాదు. వడియాలు పెట్టినట్టు కాయలను మేడ మీద సిమెంటు నేల మీద పరిస్తే, మార్చి మధ్యాహ్నం ఆ నేల కాలు పెట్టలేనంతగా కాలుతుంది, ఇంకా తేమ ఉన్న గింజలోని మొలకకు ఆ వేడి చేటు చేస్తుంది. నీడలో, ఫ్యాను గాలి కాని వాకిలి గాలి కాని తగిలే చోట, చేటలో పాత వార్తాపత్రిక పరిచి, కాయలను ఒకదాని మీద ఒకటి పడకుండా పేర్చి, పైన పలుచని చీర గుడ్డ కప్పండి. గుడ్డ కప్పకపోతే గింజలు గదంతా ఎగిరి మంచాల కింద ఏరుకోవలసి వస్తుంది. వారం రోజుల్లో చాలా కాయలు వాటంతట అవే చిట్లుతాయి. చిట్లనివాటిని చేత్తో వలిచి, చేటతో చెరిగి పొట్టు పోగొట్టి, గింజలను మరొక వారం అదే నీడలో ఉంచండి.

గింజ ఆరిందో లేదో తెలుసుకోవడానికి మన రైతులు పంటి కింద వేసి కొరికి చూస్తారు. లుపిన్ గింజ విషయంలో ఆ పని చేయవద్దు, కారణం చివరి జవాబులో చెప్పాను. గోరుతో నొక్కితే నొక్కు పడకూడదు. ఒక గింజను రాతి మీద పెట్టి సుత్తితో కొడితే చితికిపోకుండా ముక్కలు కావాలి. అలా అయితే దాచడానికి సిద్ధమైనట్టే.

మరొక్క మాట. అన్ని మొక్కల నుంచీ విత్తనం తీయాలని చూడకండి. కాయ కట్టడం మొదలైతే మొక్క కొత్త పూకంకులు వేయడం తగ్గిస్తుంది. పువ్వు నిండుగా ఉన్నప్పుడే బలంగా, చీడ లేకుండా, మీ మనసుకు నచ్చిన రంగులో ఉన్న రెండు మూడు మొక్కలను ఎంచి కాడకు ఎర్ర దారం కట్టండి. వాటిని కాయకు వదిలి, మిగిలినవాటిలో వాడిన కంకులు తుంచేస్తూ ఉంటే పూలు ఇంకొన్నాళ్లు వస్తాయి.

ప్రశ్న: నిరుడు దాచిన లుపిన్ గింజలు చూడడానికి బాగానే ఉన్నాయి కాని, ఇరవై విత్తితే మూడే మొలిచాయి. దాచడంలో లోపమా, విత్తడంలో లోపమా? (ఒక పాఠకుడు, చిత్తూరు)

జవాబు: మీ ఉత్తరంలో గింజలు పుచ్చలేదని, బూజు పట్టలేదని, మట్టి తవ్వి చూస్తే మొలవని గింజలు రాళ్లలా అలాగే ఉన్నాయని రాశారు. ఆ చివరి మాటలోనే జవాబు ఉంది. గింజ చనిపోయి ఉంటే మట్టిలో కుళ్లిపోయేది. రాయిలా ఉందంటే నీరు లోపలికి పోలేదన్నమాట. కాబట్టి మీరు దాచడంలో తప్పు చేయలేదు.

లుపిన్ గింజ పైపొట్టు నీటిని చొరనివ్వదు. అడవిలో, మైదానంలో ఇది మొక్కకు రక్ష: ఒకే వానకు అన్ని గింజలూ మొలిచి తర్వాతి ఎండకు అన్నీ చావకుండా, కొన్ని ఈ ఏడాది, కొన్ని వచ్చే ఏడాది, కొన్ని ఇంకా తర్వాత మొలుస్తాయి. గింజకు ఒక పక్కన, కాయను అంటుకుని ఉన్న చోట చిన్న మచ్చ ఉంటుంది చూడండి, అలసందలో నల్లగా కనిపించే కన్ను లాంటిది. ఆ కన్ను ఒక తలుపులా పనిచేస్తుంది. బయటి గాలి పొడిగా ఉంటే సన్నని చీలిక తెరుచుకుని లోపలి తేమ బయటికి పోతుంది. గాలిలో చెమ్మ పెరగగానే చీలిక మూసుకుని బయటి తేమను లోపలికి రానివ్వదు. ఈ పనితీరును హైడ్ అనే శాస్త్రవేత్త 1954లో వెలువరించిన పరిశోధనలో లుపిన్ జాతి ఒకదానిలోనూ, క్లోవర్ గడ్డి జాతుల్లోనూ చూపించారు. అంటే గింజ నిలవ ఉన్న కొద్దీ తన్ను తానే ఇంకా ఎండబెట్టుకుంటుంది. ఇంత ఒద్దికగా తన నిలవ గదిని తానే కట్టుకున్న గింజను చూస్తే నాకు ప్రతిసారీ ముచ్చట వేస్తుంది. అయితే దాన్ని మొలిపించాలంటే ఆ గది గోడకు మనమే గంటు పెట్టాలి.

వడ్రంగులు కొయ్య నునుపు చేయడానికి వాడే గరుకు కాగితం, అదే సాండ్‌పేపరు, ఒక ముక్క తీసుకోండి. గింజను రెండు వేళ్ల మధ్య పట్టుకుని, కన్ను ఉన్న వైపు కాకుండా దానికి ఎదుటి వైపు, పొట్టు రంగు పోయి లోపలి లేత వన్నె చుక్కలా కనిపించేంత వరకు రుద్దండి. కన్ను పక్కనే మొలక ఉంటుంది కాబట్టి అటువైపు రుద్దితే దానికి గాయమవుతుంది. తర్వాత మామూలు నీటిలో ఒక రాత్రి, కావాలంటే ఒక పగలు కూడా నానబెట్టండి. పితికిపప్పు కోసం అనపగింజలు నానబెట్టే ఇళ్లలో ఉబ్బిన గింజ ఎలా ఉంటుందో చెప్పనక్కరలేదు. ఇదీ అలాగే రెట్టింపుకు దగ్గరగా ఉబ్బుతుంది. ఉబ్బనివాటిని వేరు చేసి మళ్లీ రుద్ది మళ్లీ నానబెట్టండి. నీటిలో తేలిన గింజలు తాలు, మునిగినవి మంచివి అనే పరీక్ష ఇక్కడ నమ్మదగినది కాదు, గట్టి పొట్టు గింజ మంచిదైనా తేలవచ్చు. మరిగే నీటిలో వేయడం గురించి కొందరు చెబుతారు, అందులో గింజ ఉడికిపోయే ప్రమాదం ఉంది కాబట్టి నేను ఆ సలహా ఇవ్వను.

ఉబ్బిన గింజను ఆ రోజే విత్తాలి. ఈ మొక్కకు తల్లివేరు నిట్టనిలువుగా లోతుకు పోతుంది, నాటు మార్చితే అలుగుతుంది. అందువల్ల పెరిగే కుండీలోనే, కనీసం అడుగు లోతున్న దానిలో, అర అంగుళం లోతున విత్తండి. మన ఎర్రమట్టిలో ఇసుక కలిపితే చాలు. సున్నం ఎక్కువగా ఉన్న మట్టిలో ఆకులు పాలిపోతాయి, ఉప్పు తేలిన బోరు నీళ్లు కూడా దీనికి పడవు, వాననీరు పట్టి ఉంచుకుంటే మంచిది. తిరుపతి, చిత్తూరు వైపు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు వరకు పడతాయి. విత్తవలసిన కాలమూ అదే కాబట్టి కుండీలను వసారాలో పెట్టి మొలిపించి, నాలుగైదు ఆకులు వచ్చాక ఎండలోకి మార్చండి. ఆలస్యంగా విత్తితే పూత వేసవిలో పడి కాయ నిలవదు.

విత్తనంతో పాటు మరొకటి కూడా దాచమని నా మనవి: బాగా పెరిగిన మొక్క కుండీలోని మట్టి, రెండు గుప్పెళ్లు. పప్పుజాతి మొక్కల వేళ్ల బుడిపెల్లో ఉండి గాలిలోని నత్రజనిని పట్టి ఇచ్చే సూక్ష్మజీవులు లుపిన్‌కు వేరు జాతివి. మన జిల్లాలో వేరుశనగకు, కందికి వాడే రైజోబియం పొడి దీనికి సరిగా సరిపోదు. మొదటి ఏడాది మొక్కను పీకినప్పుడు వేళ్ల మీద లోపల ఎర్రగా ఉన్న బుడిపెలు కనిపిస్తే, ఆ మట్టిని నీడలో ఆరనిచ్చి గుడ్డ సంచిలో ఉంచి, వచ్చే ఏడాది విత్తే గుంటలో చిటికెడు చిటికెడు వేయండి. తెగులు తగిలిన కుండీ మట్టిని మాత్రం ముట్టవద్దు.

దాచే పద్ధతి గురించి కూడా అడిగారు కాబట్టి క్లుప్తంగా చెబుతాను. పొడిదనం, చల్లదనం, ఈ రెండే విత్తనానికి ఆయుష్షు. గింజలో తేమ ఒక శాతం తగ్గినా, నిలవ ఉంచే చోట వేడి ఐదు డిగ్రీలు తగ్గినా విత్తనం బతికే కాలం సుమారు రెట్టింపవుతుందని హారింగ్టన్ అనే విత్తన శాస్త్రవేత్త చెప్పిన లెక్క ఇప్పటికీ వాడుకలో ఉంది. వేసవిలో నలభై డిగ్రీలు దాటి, ఆ వెంటనే వానల చెమ్మ పట్టే మన ఊళ్లలో అటక మీద డబ్బాలో విత్తనం నిలవదు. బిగుతు మూత ఉన్న చిన్న గాజు సీసాలో, మందు డబ్బాల్లో వచ్చే సిలికా జెల్ పొట్లం ఒకటి వేసి, ఫ్రిజ్ కింది అరలో పెట్టండి. సిలికా దొరకకపోతే మూకుడులో వేయించి పూర్తిగా చల్లార్చిన బియ్యం గుడ్డ మూటలో కట్టి వేసినా తేమ పీల్చుకుంటుంది. సీసాను బయటికి తీసినప్పుడు గది వేడికి వచ్చేదాకా మూత తీయకండి, తీస్తే చల్లని గింజల మీద చెమ్మ పడుతుంది. మన పెద్దలు కందులకు ఎర్రమట్టి పట్టించి, పెసలలో వేపాకు, బూడిద కలిపి దాచేవారు. పుచ్చు పురుగును ఆపడానికి అది మంచి పద్ధతే, ఫ్రిజ్ లేని ఇంట్లో ఇప్పటికీ అదే చేయమంటాను. సీసా మీద రకం, పువ్వు రంగు, కోసిన నెల రాసిన చీటీ అంటించడం మరవకండి.

ప్రశ్న: ఐదారు రంగుల లుపిన్ మొక్కల నుంచి గింజలు తీసి విత్తితే మరుసటి ఏడాది దాదాపు అన్నీ నీలం, ఊదా రంగుల్లోనే పూశాయి. విత్తనాలు మారిపోయాయా? (ఒక పాఠకురాలు, పలమనేరు)

జవాబు: విత్తనాలు మారలేదు, తేనెటీగలు తమ పని చేశాయి. రంగురంగుల పొడవాటి కంకుల లుపిన్లలో ఎక్కువ భాగం రసెల్ సంకరాలు. ఇంగ్లండులోని యార్క్ నగరంలో జార్జ్ రసెల్ అనే తోటమాలి ఏళ్ల తరబడి ఎంపిక చేస్తూ వచ్చి, 1937లో లండన్ ప్రదర్శనలో చూపించిన వంశం అది. ఆయన పద్ధతిలో ముఖ్యమైన భాగం నచ్చని రంగు మొక్కను వెంటనే పీకేయడం. ఆ ఏరివేత ఆగితే, వీటికి మూలమైన ఉత్తర అమెరికా అడవి జాతి నీలం రంగు తరాలు గడిచేకొద్దీ పైకి తేలుతుంది. సంకరం నుంచి తీసిన గింజ తల్లి రంగునే ఇస్తుందనే భరోసా లేదు.

మీకు ఫలానా రంగే కావాలంటే ఆ మొక్కను మిగతావాటికి దూరంగా పెట్టి, మొగ్గ దశలోనే కంకికి పలుచని గుడ్డ సంచి తొడిగి, పువ్వు విచ్చాక అదే మొక్క పువ్వుల మధ్య మీరే పుప్పొడి మార్చాలి. కింది రెండు రెక్కలను వేళ్లతో మెల్లగా కిందికి నొక్కితే, దోనె ఆకారపు రెక్క కొస నుంచి పసుపు పుప్పొడి టూత్‌పేస్టులా బయటికి వస్తుంది. తేనెటీగ బరువుకు జరిగేది కూడా సరిగ్గా ఇదే. దాన్ని చిన్న కుంచెతో తీసి పక్క పువ్వుకు అద్దండి. ఆ సంచి కంకికి ఉంచిన తర్వాత వచ్చిన గింజల్లో కూడా కొన్ని వేరు రంగులు రావచ్చు. వాటిని పువ్వులోనే గుర్తించి పీకి, నచ్చినవాటి నుంచే మళ్లీ గింజ తీస్తూ మూడు నాలుగు ఏళ్లు ఓపిక పట్టాలి. పలమనేరు పీఠభూమి తిరుపతి కంటే చల్లగా ఉంటుంది కాబట్టి ఆ ఓపికకు ఫలితం దక్కే అవకాశం మీకే ఎక్కువ. అయినా రసెల్ లుపిన్ బహువార్షికం అన్న మాటను నమ్మి వేసవి దాటిస్తానని కూర్చోకండి, మన ప్రాంతంలో దాన్ని ఏటా విత్తే పువ్వుగానే చూడాలి.

ప్రశ్న: టెక్సాస్‌లో ఉన్న మా అమ్మాయి అక్కడి బ్లూబానెట్ గింజలు పోగుచేసింది. వేసవి సెలవులకు వచ్చేటప్పుడు తెమ్మనవచ్చా? (ఒక పాఠకుడు, తిరుపతి)

జవాబు: బ్లూబానెట్ కూడా లుపినే. టెక్సాస్ 1901లో దాన్ని రాష్ట్ర పుష్పంగా ఎంచుకుంది, 1971లో అక్కడి బ్లూబానెట్ జాతులన్నిటికీ ఆ గౌరవాన్ని విస్తరించింది. ఆ పువ్వులో ఒక ముచ్చట ఉంది: మీది రెక్క మీద తెల్లని మచ్చ ఉంటుంది, పువ్వు విచ్చిన ఐదారు రోజులకు అది ఎర్రని ఊదా రంగుకు మారుతుంది. తెల్లమచ్చ పువ్వులో తాజా పుప్పొడి ఉందని తెలిసిన తేనెటీగలు ఎర్రమచ్చ పువ్వులను విడిచి వాటి దగ్గరికే వెళతాయి. మీ అమ్మాయిని ఈసారి కంకిని దగ్గరగా ఫోటో తీసి పంపమనండి.

గింజలను మాత్రం సూట్‌కేసులో తేనివ్వకండి. విదేశం నుంచి విత్తనం తేవాలంటే 2003 నాటి మొక్కల క్వారంటైన్ ఉత్తర్వు ప్రకారం అక్కడి అధికారుల ఆరోగ్య ధ్రువపత్రం, మన దేశపు దిగుమతి అనుమతి ఉండాలి. ఇది ఊరికే పెట్టిన అడ్డు కాదు. లుపిన్‌కు వచ్చే ఆంత్రాక్నోస్ అనే బూజు తెగులు గింజతో పాటే ప్రయాణిస్తుంది. 1996లో అది పశ్చిమ ఆస్ట్రేలియా లుపిన్ పొలాల్లో బయటపడి అక్కడి రైతులను ఎంతో నష్టపరిచింది. చూడడానికి ఆరోగ్యంగా ఉన్న గింజలో కూడా తెగులు దాగి ఉండవచ్చు. అందుకే మన మొక్కల్లో సైతం కాడ వంకర తిరిగి, కాయల మీద నారింజ వన్నె మచ్చలు పడినవాటి నుంచి విత్తనం తీయకూడదు.

ఇదే సందర్భంలో మరొకటి చెప్పాలి. మిగిలిన గింజలను శేషాచలం అడవి అంచున, హార్సిలీ హిల్స్ మీద చల్లితే అందంగా ఉంటుందని కొందరు రాశారు. దయచేసి ఆ పని చేయకండి. నేల కోతను ఆపడానికి అలాస్కా నుంచి 1945లో ఐస్‌లాండ్‌కు తెచ్చిన లుపిన్ అక్కడి సహజమైన చిన్న మొక్కలను కప్పేస్తూ నేటికీ పాకుతోంది. మన ఎండలో ఇది అలా పెరగకపోవచ్చు, కాని చల్లని కొండ మీద ఆ పరీక్ష పెట్టే హక్కు మనకు లేదు.

ప్రశ్న: పాడి ఆవులున్న ఇల్లు మాది. గింజలు తీసిన తర్వాత మిగిలిన కాయ గుల్లలు, మొక్కలు ఆవులకు వేయవచ్చా? పిల్లలు గింజలు నోట్లో పెట్టుకుంటే ప్రమాదమా? (ఒక పాఠకురాలు, చిత్తూరు జిల్లా)

జవాబు: రెండూ వద్దమ్మా. అలంకరణకు పెంచే లుపిన్లలో, ముఖ్యంగా గింజల్లో, లుపానిన్, స్పార్టీన్ వంటి చేదు విష పదార్థాలు ఉంటాయి. వీటిని పురుగుల నుంచి తనను కాపాడుకోవడానికి మొక్కే తయారుచేసుకుంటుంది. అమెరికా పశ్చిమ ప్రాంతాల్లో చూడి ఆవులు కొన్ని అడవి లుపిన్లను మేస్తే, ముఖ్యంగా చూడి కట్టిన నలభయ్యో రోజు నుంచి డెబ్బయ్యో రోజు మధ్యలో మేస్తే, దూడలు వంకర కాళ్లతో పుడతాయి. అనగైరిన్ అనే పదార్థం అందుకు కారణం. ఎండిన మొక్కలోనూ ఈ విషం పోదు.

మధ్యధరా ప్రాంతంలో తెల్ల లుపిన్‌ను, దక్షిణ అమెరికా ఆండీస్ కొండల్లో తర్వి అనే లుపిన్‌ను మనుషులు తింటారన్న మాట నిజమే. చేదు రకాలను రోజుల తరబడి నీళ్లు మారుస్తూ నానబెట్టి, చేదు పూర్తిగా పోగొట్టిన తర్వాతే తింటారు. చేదు తక్కువగా ఉన్న పంట రకాలను 1920ల చివరిలో జర్మనీలో ఏరి తీశారు. మీ కుండీలో ఉన్నవి వాటిలోవి కావు. పైగా వేరుశనగ పడని వారిలో కొందరికి లుపిన్ పిండి కూడా పడదు. ఐరోపాలో ఆహార పొట్లాల మీద లుపిన్ పేరును హెచ్చరికగా ముద్రించవలసిందేనన్న నియమం 2006లో అందుకే వచ్చింది.

గింజలు చిన్న అలసందల్లా, మచ్చలతో అందంగా ఉంటాయి కాబట్టి పిల్లలకు ఆటవస్తువుల్లా కనిపిస్తాయి. ఆరబెట్టే చేటను ఎత్తున, పశువుల పాకకు దూరంగా ఉంచండి. గింజల సీసాను వంటింటి పప్పుల వరుసలో కాకుండా ఫ్రిజ్‌లో విడిగా, చీటీతో పెట్టండి. ఎవరైనా పిల్లలు మింగారని తెలిస్తే చిట్కా వైద్యాలతో కాలయాపన చేయకుండా, మిగిలిన గింజలను చేత పట్టుకుని నేరుగా ఆసుపత్రికి వెళ్లండి. గుల్లలను, పీకిన మొక్కలను ఎరువు గుంటలో వేసి మట్టి కప్పితే వచ్చే అక్టోబరుకు మంచి ఎరువు అవుతాయి.